చేయి వణకని పూట

ధూల్‌పేట్‌లో మా ఎదురింటి తాత వినాయకుడి బొమ్మలకు కళ్లు దిద్దేవాడు. చేతులు వణికే జబ్బున్న మనిషికి అంతకంటే అనువైన పని దొరకదు. గోలీ వేసుకుంటే కాసేపటికి వణుకు ఆగి, సాయంత్రానికి దాని అసర్ దిగగానే మళ్లీ వచ్చేది. గోలీ ధర మాత్రం ఏ వణుకూ లేకుండా పైకి పోతూ ఉండేది. దాంతో ఆయన కళ్లు దిద్దే రోజునే వేసుకునేవాడు. మిగతా రోజుల్లో చాయ్ సగం ఆయన తాగేవాడు, సగం లుంగీ తాగేది.

"తాతా, డాక్టర్ రోజూ ఏస్కోమన్నడు గదా?" అనేవాణ్ని.

"ఇయాల కండ్లు లెవ్వు బిడ్డా, గోలీ ఎందుకు దండుగ?"

చవితి ముందు, నిజామాబాద్‌లో ఉండే కొడుకు, భార్యనూ పసిపిల్లనూ ఆమె పుట్టింటి నుంచి తీసుకెళ్తూ ఒక్క పూట ఆగాడు. తాత ఇంట్లోకీ బొమ్మల షెడ్డులోకీ తిరుగుతున్నాడు గానీ మనవరాలిని ఎత్తుకోడు. చేతులు వెనక్కి కట్టుకుని, మురికినీళ్ల మోరీ పనులు చూడ్డానికొచ్చిన కార్పొరేటర్‌లా దూరం నుంచే చూస్తున్నాడు. చివరికి ఆయన భార్య, మిగిలిన ఒక్క గోలీ తెచ్చింది.

"అది రేపటి కండ్లకే," అన్నాడు.

"గణపతికి ఉంటది గానీ నీ మనుమరాలికి ఉండదా?"

తాత గోలీ మింగాడు. చేతులు ముందుకు చాపి, ఎంతకూ రాని బస్సు కోసం చూసినట్టు వాటినే చూస్తూ కూర్చున్నాడు. అవి వణకడం ఆగాక పిల్లను ఎత్తుకున్నాడు.

"బాపూ, ఆటో వచ్చింది," అన్నాడు కొడుకు.

"ఆగుమను. గోలీ అసర్ ఇంక దిగలే."