బావి దెయ్యం చేతి గడియారం

ఒక పెద్దమనిషిని నేను ప్రాణంగా అభిమానించాను. ఆ అభిమానంతోనే ఆయన్ని రెండు వందల మందిలో ముందు వరుసలో కూర్చోబెట్టి, ఆయన్నే చూసి వాళ్ళందరూ పగలబడి నవ్వేలా చేశాను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వవచ్చు. ఆరోజు నేను నవ్వలేదు.

ఆయన రాజలింగం సార్. ఖాజాగూడ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. దెయ్యాల నవలలు రాసేవారు. నైజాం చివరి రోజుల్లో, ఖాజాగూడ గుట్టల మధ్య జరిగే కథలు. ఎనిమిదో తరగతిలో మొదటిది చదివి, వారం రోజులు మా అమ్మ కొంగు పట్టుకునే పెరట్లోకి వెళ్ళాను. ఆ నవలల్లో ఏడు సినిమాలయ్యాయి. ఏడూ చూశాను. కొన్ని చూశాక దెయ్యాల మీద జాలి కలిగింది.

ఇరవై ఆరేళ్ళప్పుడు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని. దొరికిన తప్పులకు వరుస కట్టాలి. అన్నిటికంటే ఘోరమైనది ఒకటో నంబరు, పైన. పట్టించుకోనక్కరలేనిది అడుగున. ప్రతి తప్పు పక్కనా పరిశీలనకు ఒక గడి, జవాబుకు ఒక గడి. తప్పు చేసినవాడు జవాబు రాసేదాకా దాన్ని మూసేయకూడదు. నాలుగేళ్ళు ఈ పని చేసిన మనిషి ఇంట్లో కూరలకూ ఇలాగే నంబర్లు వేస్తాడు. వేశాను కూడా. మా అమ్మ రెండు రోజులు వండలేదు.

ఆఫీసు వార్షికోత్సవం దగ్గరపడ్డప్పుడు హెచ్ఆర్ మాధవి గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. ఆవిడది కాకినాడ.

"మీరు రాజలింగం గారి పుస్తకాలన్నీ చదివారట కదండీ. ఆయన సినిమాలకి ర్యాంకింగ్ ఇవ్వండి. పోస్టర్ వేస్తాం."

ఆ గడుల పట్టికలోనే రాసిచ్చాను. చేయి అలవాటుగా ఏ వరుసలో పోయిందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకు మాత్రం తెలియలేదు. పరిశీలనలు పోస్టర్‌లో పట్టవని మాధవి గారు అవి కోసేసి, నంబర్లూ పేర్లూ ఉంచారట. ఆ పోస్టర్ మా అంతస్తులో పెట్టలేదు.

వార్షికోత్సవం నాడు, శుక్రవారం మధ్యాహ్నం, హాలు తలుపు దగ్గర శ్రీశైలం ఎదురయ్యాడు. నార్సింగి కుర్రాడు, నా పక్క సీటు.

"అన్నా, నువ్వు ఫస్ట్ ఇచ్చిన సినిమానే ఏస్తున్నరట."

"ఏది?"

"గదే, బావిది."

"ఒరేయ్, అది ఫస్ట్ కాదు! అన్నిటికంటే ఘోరం అని!"

"మనకు తెల్సన్నా. మేడంకు ఎట్ల తెలుస్తది?"

"ఆపించు."

"ఏం ఆపిస్తవ్? సార్ వచ్చి ముంగట కూసున్నరు."

మాధవి గారు వెలిగిపోతున్నారు. "ఆయన ఎక్కడికీ రానన్నారండీ. మీ లిస్టు పంపించాక, నేనే వస్తానని ఫోన్ చేశారు!"

లైట్లు ఆరాయి. నా సంగతీ అంతే.

నవలలో బావి దెయ్యం ఒక్కసారి కూడా కనపడదు. చేద పైకి వస్తుంది. అందులో నీళ్ళుండవు, తడి జుట్టు ఉంటుంది. అంతే. సినిమాలో దెయ్యం మెట్లెక్కి పైకి వచ్చింది. ముఖం మీదికి జుట్టు, తెల్లచీర, ఎడమ చేతికి గడియారం. బస్సు తప్పిపోతుందన్నట్టు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గబగబా నడిచింది. హాలు దద్దరిల్లింది. ఒకతను నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. నేను సార్ తల వెనక భాగాన్నే చూస్తూ కూర్చున్నాను. అది కదల్లేదు.

సినిమా అయ్యాక సార్ వేదికెక్కి మైకు అందుకున్నారు.

"దీనికి నంబర్ వన్ ఇచ్చిన పిలగాడు ఏడున్నడు?"

శ్రీశైలం నన్ను వెనకనుంచి తోశాడు. వేదిక మీద సార్ నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"ముప్పై ఏండ్లాయె, బిడ్డా. ఈ సినిమాను తిట్టనోడు లేడు. కడమ ఆరింటికి ఎవరెవరో రాసిన్రు. దీనికి స్క్రీన్‌ప్లే, మాటలు అన్ని నేనే రాసిన, వేరే పేరు పెట్టుకోని. ఇన్నేండ్లకు నువ్వొక్కనివి గుర్తువట్టినవ్. ఇగ చెప్పు, ఏం నచ్చింది నీకు?"

నిజం చెబితే ఆయన చేతులు ఏమవుతాయో చూసే ధైర్యం నాకు లేదు.

"దెయ్యం... చాలా మనిషిలా ఉంది సార్."

"గడియారం సంగతేంది?" అని వెనకనుంచి ఎవడో అరిచాడు.

"కాలం దెయ్యాన్ని కూడా వదలదని సూచన," అన్నాను.

చప్పట్లు మోగాయి. ఇంతవరకు నా జీవితంలో నాకు పడ్డ చప్పట్లు అవే.

గండం గడిచిందనుకుని చాయ్ దగ్గర నిలబడ్డాను. సార్ ఆ లిస్టు ఒక కాపీ ఇంట్లో దాచుకుంటానన్నారు. నేను నోరు తెరిచేలోగా శ్రీశైలం పరుగెత్తి వెళ్ళి ప్రింట్ తెచ్చిచ్చాడు.

"సార్, ఇది అసలుది. అన్న ఇందుల మస్తు రాసిండు."

సార్ కళ్ళద్దాలు సర్దుకుని పైకే చదివారు. "దెయ్యానికి నడక రాదు. గడియారం వల్ల భయం వేయదు, టైమెంతయిందో తెలుస్తుంది. ఇది రాసినవాడు నవల చదవలేదు."

చాయ్ గ్లాసు కింద పెట్టారు. "ఒకటి అంటే?"

"అన్నిటికన్న ఘోరం, సార్," అన్నాను.

"ఈ ఖాళీ గడి ఏంది?"

"తప్పు చేసినోళ్ళు జవాబు రాసేది సార్," అన్నాడు శ్రీశైలం, ఎంతో వినయంగా.

"గట్లనా. పెన్నియ్యి."

నిలబడే రాశారు. కాగితం మడిచి నా జేబులో పెట్టి, వెళ్ళి కారెక్కారు. కారు మలుపు తిరిగాక తెరిచాను.

"నవల చదివిన. దెయ్యం వేసే అమ్మాయి బావిలకు దిగనన్నది. నేనే దిగిన. గడియారం మా అత్తగారు పెండ్లికి పెట్టింది, తియ్యలే. ఇది ఇప్పుడే మూసెయ్యకు. ఆదివారం ఇంటికి రా, కొట్లాడుదాం."

తొమ్మిదేళ్ళు ఆదివారం ఆదివారం ఖాజాగూడ వెళ్ళి కొట్లాడాను. ఒక్కసారి కూడా గెలవలేదు. పోయిన మాఘంలో ఆయన వెళ్ళిపోయారు. స్నానం చేయించే ముందు వాళ్ళమ్మాయి ఆయన చేతి గడియారం తీసింది. అది లేకుండా ఆ చేతిని చూడడం నాకు అదే మొదలు.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సినిమాలకు గాని, కూరలకు గాని, మనుషులకు గాని ఒకటి, రెండు అని నంబర్లు వేయను. ఎవరైనా బలవంతపెడితే అక్షరక్రమంలో రాసిస్తాను. బావి సినిమా మాత్రం ఒకటే. ఏ చివరనుంచి లెక్కపెట్టినా.