తెలుసుకోకపోవుడే నా డ్యూటీ

వినోదా, ముందు చాయ్ చెప్పు. నీతోని వచ్చిన ఈ కొత్త మేడంకు గూడ చెప్పు, మొహమాటపడుతుంది పాపం. నిన్న నాకు ఏమైందో వింటే ఆమె గూడ నవ్వుతది. ఊర్ల పొంటి తిరిగి జనాల గాబరా రాసుకునేదాన్ని గదా నేను? నిన్న ఒకరి ఇంట్ల నాకే గాబరా వచ్చి కూలబడ్డ! అసలు షాకు అది గూడ కాదు. ఎవరు తగ్గించిండ్రో, ఎట్ల తగ్గించిండ్రో తెలిస్తే మీ చేతులల్ల గిలాసలు జారుతయ్.

ఒక్క ఆఫీసే అయినా సెక్షన్లు వేరు గదా, నా పనేందో మీకు సరిగ్గ తెలవదు. మా పెద్ద డాక్టర్ సార్ ఒక స్టడీ చేస్తున్నడు. రంది, గాబరా, గుండె దడ ఉన్నోళ్ళకు ఏ వైద్యం బాగ పనిచేస్తదో చూసుడు. కొందరికి మామూలు గోలీలే. కొందరికి గోలీలతోని పాటు మా ఆఫీసు నుంచి ఒక పిల్ల ఇంటికి పోయి కూసోబెట్టి నేర్పుతది. ఊపిరి ఎట్ల తీసుకోవాలె, భయం వస్తే దాన్ని ఎట్ల మళ్ళించాలె, అవన్ని. ఎవరికి ఏదన్నది కంప్యూటరే చిట్టీ తీసినట్టు తీస్తది. వైద్యం మొదలుగాకముందు ఒకసారి, కొన్ని నెలలైనంక ఇంకోసారి నేను పోత. నిద్ర పడుతుందా, బస్సెక్కుతున్నవా, దడ ఎట్లున్నది అని అడిగి మార్కులేస్త.

గని ఒక్కటే షరతు. ఎవరికి ఏ వైద్యం అందిందో నాకు తెలవొద్దు! తెలిస్తే, నేర్పించుకున్నోళ్ళకు నా చెయ్యి దానంతట అదే మంచి మార్కులేస్తదట. అంటే అందరూ తెలుసుకునుటానికి జీతం తీసుకుంటే, నేను తెలుసుకోకపోవుటానికి తీసుకుంట.

మన జిల్లాల ఇది అయ్యే పనేనా చెప్పండి! నవీపేట్ దిక్కు ఒకాయన, నేను ఆటో దిగంగనే పొలం గట్టు మీదికెల్లి ఒర్రిండు. "మేడం! నాకు వట్టి గోలీలే ఇచ్చిండ్రు, పిల్లను పంపలే! గిదేం ఇన్సాఫ్?" అని. అయిపాయె, ఆ ఇల్లు పోయింది. ఇంకో ఊర్ల ఒకామె కుర్చీ ఏసుకుంటనే, "మొన్నటిదాంక గా పిల్ల గూడ గీడనే కూసునేది" అన్నది. అదీ పోయింది. సార్‌కు కోపమొచ్చింది. "ఇంకొక్కటి గిట్లయ్యిందంటే నిన్ను ఫీల్డుకు పంపను. ఆఫీసుల కూసొని ఫైళ్ళు కుట్టుకో" అన్నడు. నాది ఊర్లు తిరిగే పానం. నాలుగు గోడల నడుమ ఫైళ్ళు కుట్టుకుంట కూసుంటే నాకే గోలీలు రాయాల్సి వస్తది!

అందుకే నిన్నటి ఇంటికి మస్తు జాగర్తతోని పోయిన. మనిషి పేరు బయట పెట్టొద్దు, అది రూలు. బాలామణి అనుకుందాం. ఊరు గూడ చెప్ప, కోటగిరి దిక్కు అనుకోండి. నేను గంత ఆలోచన లేని మనిషిని గాదు. ముందు రోజే ఫోన్ జేసి, "చెల్లే, నీకు ఏ వైద్యం ఇచ్చిండ్రో ఒక్క ముక్క గూడ నాకు చెప్పొద్దు" అని బతిమిలాడిన. "చెప్పనక్కా, ఒట్టు" అన్నది. ఇంట్ల ఆమె అత్త ఉంటదన్న సంగతి మాత్రం నాకు తట్టలే. చూసిండ్రా నా తెలివి!

పొద్దుగాల బస్సుల బోధన్ దిగి, షేర్ ఆటో ఎక్కి, కాలువ దాటినంక దిగిన. ఇల్లు ఎతుక్కునే పనే లేదు. ఆకుపచ్చ గేటు, గేటు మీద రెండు ఇనుప నెమళ్ళు. అండ్ల ఒకదానికి తోక ఊడిపోయింది.

ఏందమ్మా, ఏమన్న అడగాల్నా? ఆగు ఆగు, అసలు సంగతి ముందున్నది. చాయ్ తాగు.

అరుగు మీద అవ్వ కూసొని మిరపకాయల తొడిమెలు తీస్తుంది. కోడలు పెరట్ల బట్టలు పిండుతుందట.

"రా బిడ్డా, కూసో. గా ముందుగాల..."

"అవ్వా! ఎండ బాగ కొడుతుంది గదా!" అన్న నేను, టక్కున.

"కొడుతుంది బిడ్డా. మా కోడలుకు గాబరా వచ్చినప్పుడు..."

"మిరపకాయలు ఎంత ఎర్రగున్నయవ్వా! మీ చేనువేనా?"

"మా సేనుయే. గని నేను సెప్పొచ్చేది ఇను. మీ ఆఫీసోళ్ళు..."

ఇగ నాకు ఏం తోచలే. రెండు చేతులతోని చెవులు మూసుకొని, మా చర్చిల పాడే పాటొకటి గట్టిగ ఎత్తుకున్న! అవ్వ చేతులకెల్లి చాట కింద పడ్డది. "ఓ బాలామణీ! ఉరికి రావే! పిల్లకు ఏమో అయ్యింది!"

నిజంగనే అయ్యింది! మూడోది, మూడోది అని తలకాయల ఒకటే గోల. ఉద్యోగం పోయినట్టే అనిపించింది. చెవులు మూసుకుంటే గుండె చెవులల్లనే కొట్టుకుంటుంది. అరచేతులు తడిసినయ్. ఊపిరి లోపటికి పోతలేదు. నేను రోజూ జనాలను అడిగే ప్రశ్నలన్నిటికీ "ఉన్నది, ఉన్నది" అనే జవాబే వస్తుంది నా ఒంట్లకెల్లి. అట్లనే అరుగు మీద కూలబడ్డ.

బాలామణి సబ్బు చేతులతోనే ఉరికొచ్చింది. "అక్కా, నా దిక్కు చూడు. చెప్పులిడువు. పాదాలు నేలకు ఆనించు. ఇప్పుడు నీకు కనబడేవి ఒక్కొక్కటి నోటితోని చెప్పు."

"మి... మిరపకాయలు."

"ఇంకా?"

"అవ్వ."

"నన్నెందుకు లెక్కవెడ్తున్నవ్ పిల్లా?" అన్నది అవ్వ.

"అత్తా, నువ్వు ఊకో. ఇంకా చెప్పక్కా."

"తోక లేని నెమలి."

"మంచిగ చెప్పినవ్. ఇప్పుడు మెల్లగ ఊపిరి ఇడువు. తీసుకునేదానికంటే ఇడిసేది పొడుగుండాలె."

అరుగు పక్క సందులకెల్లి పెరడంత కనబడతది. అంతట్ల ఆ పెరటి గోడ మీదికెల్లి ఒక తలకాయ లేచింది. గోడ అవుతలి ఇంటామె. ఆమెను షాహీన్ అనుకుందాం. "అరే, భుజాలు దించమను బాలామణీ! చూడు ఎట్ల ఎత్తిపట్టుకున్నదో!" అన్నది. ఇటు నుంచి అవ్వ, "కడుపుతోని బిడ్డా, ఎదతోని కాదు!" అన్నది. ముగ్గురూ నాతోని పాటు ఊపిరి తీసి ఇడుస్తున్నరు!

నమ్మండ్రి, తగ్గింది! గుండె జాగల పడ్డది. నీళ్ళు తాగిన. హమ్మయ్య అనుకున్న. అనుకున్నంక తలకాయ పనిచేసుడు మొదలైంది. ప్రభువా! వీళ్ళు చేయించింది మా స్టడీల నేర్పే పాఠమే గదా! ఒక్క ముక్క ఇడవకుండ అదే!

అయినా ఆశ చావలే. యూట్యూబుల చూసి నేర్చుకున్నదేమో, నాకేం తెలుసు? నేను అడగ. అడగనంతవరకు నాకు తెలవనట్టే. బాలామణి గూడ పాపం ఒట్టు వేసింది గదా, పెదవులు బిగపట్టుకొని నా మొఖం చూస్తుంది.

అవ్వకు పానం ఒప్పలే. "ఇగో బిడ్డా, నువ్వేదో తప్పు అనుకుంటున్నవ్. మీ పిల్ల మా ఇంటికి రానేరాలే. మాకు ఒట్టి గోలీలే. గోడ అవుతల షాహీన్ ఇంటికి వస్తది. గామె నేర్సుకున్నది, గోడ మీదికెల్లి మాకు నేర్పింది."

నాకు మళ్ళ దడ మొదలైంది. ఎందుకంటే, బాలామణి తర్వాత నేను పోవాల్సిన ఇల్లు షాహీన్‌దే! అవ్వ ఒక్క మాటతోని రెండిండ్లు ఎగిరిపోయినయ్. వైద్యం అందినోళ్ళకు, అందనోళ్ళకు తేడా చూసుడే మా స్టడీ. ఆ తేడానే గోడ దూకింది!

షాహీన్‌కు మాత్రం ఎంత గర్వమో! "ఔ అక్కా! పొద్దుగూకంగ నేను ఈడ నిలబడి నేర్పుత, గల్లీలోళ్ళు గూడ వస్తరు. పాలు తోడు పెట్టుటానికి జర పెరుగు అడిగితే గోడ మీదికెల్లి ఇస్తం గదా? ఇది గూడ గంతే. దీంట్ల తప్పేమున్నది?"

ఏం చెప్పాలె, మంచిపని ఎందుకు చేసినవ్ అనాల్నా?

అప్పుడు బాలామణి మెల్లగ అన్నది, "అక్కా, ఇప్పుడు చెప్పొచ్చా? మొన్న నేను ఒక్కదాన్నే బస్సెక్కి బోధన్ పోయొచ్చిన" అని. మొదటిసారి పోయినప్పుడు, పెనిమిటి ఎంబడి లేకుంటే ఆ నెమళ్ళ గేటు దాటని మనిషి! నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. మస్తు సంతోషమైంది, అబద్ధమెందుకు. అట్ల సంతోషపడి మార్కులేస్తనని గదా నాకు ఏమీ తెలవొద్దన్నది!

ఏందమ్మా మళ్ళ? ఒక్క నిమిషం, సార్ సంగతి ఇంటే నవ్వు ఆగదు.

గేటు బయటికొచ్చి సార్‌కు ఫోన్ చేసిన. అంతా విన్న సార్ కాయితాలు తిరగేసిన చప్పుడు ఇనబడ్డది.

"గట్లెట్లయితది? కాయితాల మీద అవి రెండు వేరే వేరే గల్లీలు గదా!"

"అవును సార్. గని వెనక గోడ ఒక్కటే."

అటు నుంచి ఊపిరి గట్టిగ ఇనబడుతుంది. నాకు భయమైంది. "సార్, పాదాలు నేలకు ఆనించండి" అన్న. "నేను నిలబడే ఉన్న!" అని ఒర్రిండు. "అయితే భుజాలు దించండి సార్" అన్న. తిట్టలే. నిజంగనే దించిండేమో, గొంతు జర మెత్తబడ్డది.

"సరే. నేర్పింది గోడ దాటిందని ఉన్నదున్నట్టు రాద్దాం, దాచుడు లేదు. మార్కులన్న ఏమీ తెలవని మనిషి వెయ్యాలె. కొత్తగ ఒకామెను తీసుకుంటున్న, సోమవారం ఆ ఇండ్లకు ఆమెనే పంపుత. అది సక్కగయితే నిన్ను మళ్ళ ఫీల్డుకు పంపుడు సంగతి చూద్దాం. అప్పటిదాంక నీ నోరు..."

"కుట్టుకుంట సార్" అన్న.

చూసిండ్రా, ఎంత గండం తప్పిందో! ఇంకెవ్వరి ముందట నోరు ఇప్పొద్దు. సోమవారం దాటితే నేను మళ్ళ షేర్ ఆటోల ఉంట.

ఆఁ, ఇప్పుడు చెప్పమ్మా, ఇందాకటి సంది ఏమో అడగబోతున్నవ్. సిగ్గెందుకు? మనం మనమే గదా. అవునే వినోదా, ఈమె ఏ సెక్షన్ల జాయినయ్యింది?

"నాకేం తెలుసు? పొద్దుగాల మన ఆఫీసు గేటు కాడ కలిసింది, ఒక్కతే ఉన్నదని చాయ్‌కు తోలుకొచ్చిన. పేరు లలిత అట."

"అక్కా," అన్నది లలిత, చాయ్ గిలాస పక్కకు పెట్టి. "ఆ గేటు మీద నెమలికి తోక లేదన్నరు గదా? సోమవారం నన్ను పొమ్మన్న ఇంటికి సార్ గుర్తు చెప్పిండు. గదే గుర్తు."

జారింది గిలాస. మీదెవ్వరిదీ కాదు, నాదే.

వినోదా, నా పాదాలు నేల మీద ఉన్నయా లేవా, జర చూసి చెప్పవే.