బరువు పెంచు ప్రభువా

సహోదరులారా, పొగాకు ఆరబెట్టే బ్యారన్ తగలబడడం చూసినవారికి మా ఇంటి చీకటి రోజుల గురించి వేరే చెప్పనక్కరలేదు. ఎండుతున్న ఆకు ఒక్కటి జారి వేడి గొట్టం మీద పడితే చాలు, ఏడాది కష్టం బూడిదే! మా తాతగారి బ్యారన్లు అలాగే పోయాయి, వాటి వెనుక పొలాలు, ఆ వెనుక పెద్దిల్లు. మిగిలింది పరువొక్కటే. దాన్ని మా నాన్నగారు నిటారుగా మోశారు, ఆయన తరువాత నేను మోశాను. తాతగారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడినవారి దగ్గర పనికి కుదరలేక, డిప్లొమా చదువు పట్టుకుని, సముద్రంలో చమురు బావులు తవ్వే రిగ్గు మీదికి వెళ్లిపోయాను. మా అమ్మగారు మాత్రం ప్రతి ప్రార్థనలోనూ "నా బిడ్డ మీది బరువు దించు ప్రభువా" అనేవారు. నేనూ అదే అడిగేవాణ్ణి, కాకపోతే నిలబడి. మోకరించడం మా ఇంటి మగవాళ్లకు అలవాటు లేదు.

రిగ్గంటే సముద్రంలో ఇనుప కాళ్ల మీద నిలబడ్డ చిన్న ఊరనుకోండి. అక్కడ నాకిచ్చిన పని బురద కాపలా! బోలు గొట్టాల గుండా బురదను భూమి లోపలికి పంపుతారు, అది అడుగున బయటపడి, గొట్టం చుట్టూ ఉన్న సందులోనుంచి తవ్విన రాతిముక్కలను మోసుకుంటూ పైకొచ్చి తొట్టిలో పడుతుంది. రాతిపొరల్లో ఉన్న గ్యాసు పైకి తన్నకుండా తన బరువుతో అదిమిపట్టేది కూడా ఆ బురదే. తొట్టిలో మట్టం ఊరికే పెరిగిందంటే అడుగున గ్యాసు చొరబడుతోందన్నమాట. అది అదుపు తప్పి ఎగదన్నితే బ్లోఅవుట్ అంటారు. ఒక్క నిప్పురవ్వ తగిలితే పరుగెత్తడానికి పొలంగట్టైనా ఉండదు, చుట్టూ నీళ్లే.

నాతోపాటు ఆ తొట్ల దగ్గర పనిచేసే కోటేశ్వరరావుది మార్టూరు. "ఏమండీ జమీందారుగారూ, బురద తొక్కని వంశమన్నారు, మీ దేవుడు తొట్టెడు పోయించాడే!" అని నవ్వేవాడు. నేను తొట్టిలో మట్టం చూసుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం భోజనాలై వచ్చేసరికి మట్టం పెరిగి ఉంది. కేక వేశాను. పంపు ఆపారు, ఆపినా బురద పొంగుతూనే ఉంది. వెంటనే బావి నోటి దగ్గరి ఉక్కు దవడలు మూసేశారు. గ్యాసు ఆగింది గానీ లోపల ఒత్తిడి పెరుగుతోంది, ఇంకా బరువైన బురద దించితే తప్ప అది లొంగదు. బురదకు బరువు తెచ్చే రాతిపొడేమో చెమ్మకు గడ్డకట్టి, తొట్టిలోకి వచ్చే గొట్టంలో ఇరుక్కుపోయింది. ఇక బస్తాలు కోసి చేత్తో పోయవలసిందే.

కోసి చూస్తే ఏముంది, ముగ్గురాయి! కడప కొండల్లో దొరికే రాయి, మన వాకిళ్లలో ఆడవాళ్లు గుప్పిట పట్టి గీసే పొడి. సముద్రం మధ్యలో మా అందరి ప్రాణాలూ దాని మీద ఉన్నాయి! పొడి పోసే గరాటు నేలకు దగ్గరగా ఉండడంతో మోకాళ్ల మీద వంగక తప్పలేదు. వంగాను. వంగగానే నోటికి అలవాటైన మాటే వచ్చింది, "ప్రభువా, బరువు దించు..."

పక్కనుంచి కోటేశ్వరరావు హడలిపోయి, "దించొద్దండీ బాబూ, పెంచమనండి!" అన్నాడు.

"బరువు పెంచు ప్రభువా," అన్నాను. "మమ్మల్ని మింగబోయేదానికన్నా బరువు పెంచు." పుట్టి బుద్ధెరిగాక మోకాళ్ల మీద చేసిన మొదటి ప్రార్థన అది.

బస్తా వెనుక బస్తా పోశాం. బరువెక్కిన బురద మెల్లగా దిగింది, చొరబడ్డ గ్యాసును పక్క గొట్టం గుండా కొంచెం కొంచెంగా వదిలి దూరాన కాల్చేశారు, పొద్దు వాలేసరికి బావి పసిబిడ్డలా నిద్రపోయింది. ఒక్కరికీ వెంట్రుకైనా కమలలేదు, దేవునికే మహిమ!

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా అమ్మగారు చాలాసేపు నవ్వి, "పోనీలే నాయనా, బురదకు బరువు పెంచాడు, నీ మీది పరువు బరువు దించాడు, ఇద్దరి మాటా విన్నాడుగా" అన్నారు.

ఆ పెద్దింట్లో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. దాని ముందునుంచి నేటికీ తలెత్తుకునే నడుస్తాను, మోకాళ్లు మాత్రం వంగడం నేర్చుకున్నాయి. గుంటూరులో అద్దె ఇల్లు, మిరపకాయల ఘాటు, పిల్లల తుమ్ములు, నాకు ఏ లోటూ లేదు. సహోదరులారా, బురద తేలికైతే గ్యాసు తన్నుతుంది, మరీ బరువైతే రాతిపొరే పగులుతుంది. మన మీద పెట్టేది ఆయన తూచే పెడతాడు. దించమని అడగండి, తప్పులేదు. దించకపోతే మరిచాడనుకోకండి, అడుగున దేన్ని అదిమిపట్టాడో మనకు కనబడదు. నమ్మి రండి, మోకరిద్దాం. ముందు నేను.