ఎర్ర లైటుకీ ఆకుపచ్చ లైటుకీ మధ్య ఒక తుమ్ము

మొన్న నేను తుమ్మిన తుమ్ముకి ఎర్రటి కారం నీలంగా మారిపోయింది! నవ్వకండి, ముందు వినండి.

మా డ్వాక్రా గ్రూపు కారం గుంటూరులో ఒక కాలేజీ హాస్టల్ వాళ్లు అడిగారు. రంగు కలపలేదని తేలితేనే ఆర్డరు. చూడ్డానికి ఆ కాలేజీ మేడం గారు టిఫిన్ డబ్బాంత మైక్రోస్కోపు పట్టుకుని మా ఊరొచ్చారు. కారం దంచింది నేనేనని బల్ల దగ్గర నన్నే నిలబెట్టారు. నాకా, కొత్తవాళ్ల ముందు నోరే పెగలదు.

"దీంట్లో భూతద్దం ఉండదమ్మా. ఎర్ర లైటు, ఆకుపచ్చ లైటు, నీలం లైటు వరసగా వెలుగుతాయి. ఒక్కోదానికి ఒక్కో నలుపు తెలుపు ఫొటో. మూడూ కలిపి లాప్‌టాప్ లెక్కగట్టి అసలు రంగు చూపిస్తుంది. అందాకా బల్ల కదలకూడదు" అన్నారు మేడం గారు.

గాజు పలక మీద చిటికెడు కారం చల్లి డబ్బాలో పెట్టారో లేదో, హాఛ్! తుమ్మాను. ఒక్కటే!

మా లీడరు వెంకాయమ్మక్క మొహం మాడిపోయింది. "ఒంటి తుమ్మేమిటే మల్లీ! ఇంక వచ్చినట్టే ఆర్డరు!"

ఒంటి తుమ్ము కీడు, రెండైతే మేలు అని మా అమ్మ ఎప్పుడూ చెప్పేది. మేడం గారిని ఆగమనడానికి సిగ్గు. ఏం చెయ్యను? అటు తిరిగి, వేలికంటిన కారాన్ని గట్టిగా పీల్చాను!

ఎర్ర లైటు వెలిగింది. తుమ్ము రాలేదు. లైటు ఆరింది. అప్పుడొచ్చిందండీ! కొంగు అడ్డం పెట్టుకునేలోపే మోచెయ్యి ధడేల్మని బల్లకి తగిలింది. మేడం గారు వైరు పెట్టడానికి కిందికి వంగి ఉన్నారు, బల్ల కదలడం చూడలేదు. నేనూ ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

లాప్‌టాప్‌లో బొమ్మ పడింది. ప్రతి ఎర్ర రవ్వ పక్కనా ఇంకో రవ్వ, నీలమో ఆకుపచ్చో!

"ఇదేం రంగమ్మా?" అన్నారు మేడం గారు.

"రోట్లో ఏం పోశావే?" అని అరిచింది అక్క.

గ్రూపు ఆడవాళ్లంతా నా వంకే చూస్తున్నారు. కళ్లు గట్టిగా మూసుకుని అనేశాను, "తుమ్మానండీ... కావాలనే!"

సంగతి విని మేడం గారు కుర్చీలో కూలబడి నవ్వారు. "ఎర్ర లైటు ఫొటో అయ్యాక కారం పక్కకి జరిగిందన్నమాట. పాపం లాప్‌టాప్ దాన్ని వేరే రంగనుకుంది!"

నన్ను వరండాలోకి పంపించి మళ్లీ తీశారు. ఎర్రగా నిగనిగలాడింది మా కారం. ఆర్డరు ఖాయం!

"చూశావా, రెండో తుమ్ము మేలే చేసింది!" అంది అక్క.

మేలేనని మా అమ్మ చెప్పింది నిజమే. ఏ లైటు వెలగకముందు తుమ్మాలో మాత్రం చెప్పలేదు మరి!