పంపర పనస వైద్యం

ఆ రోజుల్లో మాలాంటి వాళ్లకు వైద్యం ఆదివారం పేపరుతో పాటు ఇంటికొచ్చేది. ఏ కాయో, ఏ ఆకో ప్రాణం పోస్తుందని అందులో ఓ మూల రాసి ఉంటే చాలు, సోమవారానికల్లా ఊళ్లో ఎవరో ఒకరు దాన్ని నమిలి మొహం చిట్లించేవారు. నేనైతే డిగ్రీ చదివినదాన్ని, పైగా పలాసలో ఓ ప్రైవేటు బడిలో సైన్సు టీచర్ని. (చేరి అప్పటికి నెల కాలేదు లెండి.)

అమ్మ లేని నన్ను, నాన్న కూడా గుండెపోటుతో పోయాక పెంచింది ఉద్దానంలో జీడితోట ఉన్న మా మావయ్య. పిల్లల్లేని ఆ ఇంట్లో ఆయనకీ అత్తకీ నేనే లోకం. అలాంటి మావయ్యకు ఒకరోజు తోటలో ఆయాసం వచ్చింది. టెక్కలి డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని మాత్రలు రాసి, కొబ్బరి, నెయ్యి, జీడిపప్పు తగ్గించమన్నారు. కొబ్బరీ జీడీ తప్ప ఇంకోటి కనబడని ఉద్దానంలో ఆ మాట చెప్పడమంటే చేపను నీళ్లు తగ్గించమనడమే! నాకు మాత్రం నవ్వు రాలేదు. నాన్నలాగే ఈయన కూడా పోతే నా గతేమిటన్న భయంతో అన్నం సహించలేదు.

సరిగ్గా ఆ వారమే పేపర్లో పడింది. నిమ్మజాతి పళ్లలో ఫ్లేవనాయిడ్లు ఉంటాయట, తొక్క కింది తెల్లటి పొరలో మరీ ఎక్కువట, అవి చెడు కొలెస్ట్రాల్ తగ్గడానికి, రక్తనాళాలు మెత్తగా సాగడానికి సాయపడవచ్చట. ఆ ‘పడవచ్చు’ని నేను పట్టించుకుంటే కదా! మా పెరటి పంపర పనసలో గుజ్జుకన్నా తెల్లటి బెండే ఎక్కువ. దేవుడే మందుచెట్టు నాటాడనుకుని, ఆ బెండు ముక్కలు కోసి మావయ్య ముందు పెట్టాను. ఆయన ఒకటి కొరికి చూశాడు.

“ఓలమ్మ! ఏటే గుంటా ఇది, యాపసెక్కా?”

“మందు మావయ్యా. తోటకి నీళ్లు పెట్టే గొట్టంలో పాచి పడితే ఏం చేస్తావు?”

“గొట్టం మార్సేత్తాను.”

“నీ రక్తనాళాలు మార్చలేం. తిను.”

పాపం, తిన్నాడు. అత్త చూడలేకపోయింది. “మనిసి మొకం సూడు, ఎలగైపోనాదో! రేపట్నించి నాను వండి ఎడతాను, నువ్ బడికెల్లు” అంది. ఆ మర్నాటినుంచి మావయ్య తీరే మారిపోయింది. మందు మళ్లీ మళ్లీ అడిగి వేయించుకుంటున్నాడని అత్త చెబితే పొంగిపోయాను. ఆయన బుగ్గలు నిగనిగలాడుతుంటే ఫ్లేవనాయిడ్ల మహిమేనని బళ్లో పిల్లలకు పాఠం కూడా చెప్పాను.

రెండోసారి పరీక్షలో కొలెస్ట్రాల్ ఇంకా పెరిగింది. ఏం తింటున్నారని డాక్టరుగారు అడగడమే తరువాయి, నేను ఫ్లేవనాయిడ్ల మీద ఉపన్యాసం ఇచ్చేశాను. ఆయన ఓపిగ్గా విని, అత్త వైపు తిరిగి, “ఎలా వండుతున్నారమ్మా?” అన్నారు.

“సేదు పోవాలి కదండీ బాబూ! కొబ్బరిపాలల్లో ఉడకేసి, జీడిపప్పు ముద్ద నూరి, నెయ్యేసి దగ్గరికి దించుతాను.”

డాక్టరుగారు నవ్వాపుకోలేకపోయారు. “పండు మంచిదేనమ్మా, ఎక్కించిన బండే మంచిది కాదు. అయినా అది మాత్రకు బదులు కాదు. పైగా పంపర పనసలాంటివి కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో పడవు, మందు బలాన్ని ఒంట్లో పెంచేస్తాయి. అది మానేసి బత్తాయి తినండి, కావాలంటే తెల్ల పొరతోనే.”

తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. “జీడిపప్పని తెలిసే తిన్నావా మావయ్యా?”

“జీడితోటోన్ని, పప్పు రుసి తెలీదేటే? నా కోసం ఒకలు కోసి ఎట్టినారు, ఒకలు వండి ఎట్టినారు. ఎలగ వద్దంతాను?”

“నువ్వు పోతే నాకెవరున్నారు?” అని బస్సులో అందరూ వింటుండగానే అరిచేశాను.

మావయ్య మర్నాటినుంచి వేళకు మాత్ర వేసుకుని, కొబ్బరీ జీడీ ముట్టకుండా, తెల్ల పొరతో సహా బత్తాయి తొనలు నమిలేవాడు. ఎలా ఉందని నేనడిగితే, “బాగుందే” అనేవాడు. అలా నమిలి నమిలి, నా కూతుర్ని ఎత్తుకుని ఆడించేదాకా ఉన్నాడు.

మొన్న నా రక్తపరీక్ష కాగితం చూసి మా అమ్మాయి కంగారుపడింది. ఫోన్లో ఏదో చదివొచ్చి, తెల్ల పొర తీయని బత్తాయి తొనలు నా చేతిలో పెట్టి, “ఇందులో ఫ్లేవనాయిడ్లు ఉంటాయమ్మా, నీకు తెలుసా?” అంది. (సైన్సు టీచర్ని పట్టుకుని!) తెలీదన్నాను. నేను నములుతుంటే నా మొహంలోకే చూస్తూ, “ఎలా ఉందమ్మా?” అని అడిగింది. నోరంతా చేదు.

“బాగుందే” అన్నాను, అచ్చం మావయ్యలా.