ఫోర్కు నూనె కొలిచిన సీసా

నాన్న మోటారు సైకిలు వయసులో నాకంటే పెద్దది. ఓడరేవు డాకులో బరువులెత్తే వించి నడిపే రోజుల్లో, ఊరికి వెళ్ళిపోతున్న తోటి పనివాడి దగ్గర కొన్నాడట. హౌరా వైపు, షాలిమార్ రైలు యార్డు వెనక, పనివాళ్ళ ఇళ్ళు వరసగా ఉండే మా లైనులో దానికొక చోటుంది. వాన వస్తే అమ్మ ముందు దాని మీద పట్టా కప్పి, ఆ తర్వాతే ఆరేసిన బట్టలు తీసేది. చిన్నప్పుడు సాయంత్రాలు నన్ను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. రైలు పట్టాలు దాటబోయే ముందు, "నోరు మూసుకో, నాలిక కరుసుకుంటావు" అనేవాడు. నేను రెండు పెదవులూ బిగించేదాన్ని. పట్టాలు దాటాక ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలేవాళ్ళం.

పాప పుట్టాక నేను భయస్తురాలినయ్యాను. న్యూ టౌన్‌లో పదకొండో అంతస్తులో ఉంటాం. బాల్కనీకి వల కట్టించాను. ప్లాస్టిక్ మంచిది కాదని చదివి గాజు పాలసీసాలు తెప్పించాను. వాటిని గడియారం చూసుకుంటూ పది నిమిషాలు మరిగిస్తాను. పాపను ఎత్తుకునే ముందు ఎవరైనా చేతులు కడుక్కోవాల్సిందే. అత్తగారికీ అదే మాట, పనమ్మాయికీ అదే మాట.

పాపకు పదో నెల నడుస్తుండగా నాన్న బండి మీద మా ఇంటికొచ్చాడు. తిరిగి వెళ్ళేటప్పుడు పాపను ఎత్తుకుని కిందికి దిగాను. ఒక్కసారి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని గేటు దాకా తీసుకెళ్తానన్నాడు. నేను ముందు చక్రం వైపు చూశాను. చక్రానికి రెండు పక్కలా కాళ్ళలా నిలబడే ఫోర్కుల మీద నుంచీ నూనె జారి, దుమ్ముతో కలిసి నల్లగా పేరుకుపోయింది. బండి కాస్త ముందుకు తోసి బ్రేకు పట్టి చూపించమన్నాను. పట్టగానే బండి ముందుభాగం మోకాళ్ళ మీద పడినట్టు కిందికి దిగిపోయింది.

"దీని మీద పంపను నాన్నా" అన్నాను.

"నూనె ఆపే సీలు పోయిందమ్మా, అంతే. విశ్వకర్మ పూజకి బాగు సేసేత్తాను. అప్పుడెక్కిద్దాం" అన్నాడు.

పూజ పేరు ఎందుకెత్తాడో నాకు తెలుసు. మా లైనులో ఆ రోజు ఎవరూ పనిముట్టు ముట్టరు. బండ్లు కడిగి, సిందూరం పెట్టి, దండలు వేస్తారు. పూజయ్యాక ఇంట్లో అందరికన్నా చిన్నబిడ్డను ఎక్కించి లైను చివరిదాకా ఒక తిప్పు తిప్పుతారు. ఆ తర్వాతే పెద్దవాళ్ళు బండి వాడుకోవాలి. నా తర్వాత మా ఇంట్లో చిన్నబిడ్డ లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ తిప్పు కోసం నాన్న పక్కింటి పిల్లలను అడిగి తెచ్చుకుంటున్నాడు.

సీలుతో సరిపెట్టలేదు నాన్న. నా భయం పోవాలని ఫోర్కులు రెండూ ఊడదీశాడు. లోపలి గొట్టాల మీద తుప్పు గుంటలు పడి, అవే సీళ్ళను కోసేస్తున్నాయట. హౌరాలో వాటిని అరగదీయించి కొత్త పూత వేయించాడు. లేత్ షాపులో దగ్గర కూర్చుని కొత్త బుష్షులు చేయించాడు. పాత స్ప్రింగుల బదులు కొత్త రకం తెచ్చాడు. వాటి చుట్లు ఒకవైపు దగ్గరగా, ఇంకోవైపు ఎడంగా ఉంటాయి. చిన్న గతుకుకి మెత్తగా, పెద్ద గతుకుకి గట్టిగా నిలబడతాయని ఫోనులో నాకు వివరించాడు. నూనె జారకుండా రెండు పెదవులున్న సీళ్ళు, చిక్కటి నూనె. రోజూ ఏదో ఒకటి చెప్పేవాడు. నేను "ఊఁ" అంటూ పాప ముక్కు తుడుస్తూ ఉండేదాన్ని.

పూజకి నాలుగు రోజుల ముందు పాపను తీసుకుని వెళ్ళాను. నాన్న ఇంటి ముందు బెంగాలీ పేపరు పరిచి ఫోర్కులు బిగిస్తున్నాడు. ఎదురింటి మామ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"ఏటి బావా, బండికి కొత్త మోకాళ్ళు ఏత్తన్నావు. మరి నీ మోకాళ్ళ సంగతేటి?"

"నాకు స్పేర్లు దొరకవురా" అన్నాడు నాన్న.

అందరం నవ్వాం. అమ్మ పాప పాలసీసా కడిగి అరుగు మీద బోర్లించింది. నేను లోపలికి వెళ్ళి పాపను నిద్రపుచ్చాను. తిరిగి వచ్చేసరికి నాన్న ఒక గాజు పాలసీసాను కళ్ళ ఎత్తుకు పట్టుకుని, అందులోని ఎర్రటి నూనెను ఫోర్కులోకి వంచుతున్నాడు.

అరుగు మీద పాప సీసా ఉందో లేదో నేను చూడలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు. వెళ్ళి సీసా లాక్కున్నాను. నూనెకి చేయి జారి, సీసా గచ్చు మీద పడి పగిలింది.

"పాప నోట్లో పెట్టే సీసాలో నూనె పోస్తావా? నీకు పాపనెలా ఇస్తాను నాన్నా? ఈ చేతుల్లోకా?"

నేను అరిచిన అరుపుకు లైనులో రెండు తలుపులు తెరుచుకున్నాయి. నాన్న రెండు చేతులూ తిప్పి చూసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. అమ్మ బయటికి వచ్చి గాజు పెంకుల దగ్గర కూర్చుంది. ఒక పెంకు ఏరి నాకు చూపించింది. దాని మీద గోళ్ళ రంగుతో గీసిన సన్నటి ఎర్ర గీత ఉంది.

"ఇది పాపది కాదే, నీది. నువ్వు పాలు మానేసినప్పట్నుంచీ నూనె దీంతోనే కొలుత్తన్నాడు. రెండు కాళ్ళకీ సమానంగా పడకపోతే బండి ఓ పక్కకి లాగుద్దంట. గీత నేనే గీసేను."

పాప సీసా అరుగు మీదే ఉంది, అమ్మ బోర్లించినచోటే.

ఆ సీసాను నేను అంతకుముందెన్నడూ చూడలేదు. ఫోర్కు నూనె మార్చే పని నాన్న ఎప్పుడూ డాకు వర్క్‌షాపులో, స్నేహితులతో కలిసి చేసుకునేవాడు. సీసా గుడ్డలో చుట్టి అక్కడే పెట్టెలో ఉండేదట. రిటైరయ్యాక ఇంటికి తెచ్చుకున్నాడు.

అప్పుడైనా నేను తప్పయిందనాల్సింది. ఆ మాట బదులు లోపలికి వెళ్ళి, సంచిలోంచి పాప రెండో సీసా తెచ్చి నాన్న ముందు పెట్టాను. దాని మీదా కొలత గీతలున్నాయి, ఇంకో ఫోర్కుకి దీంతో కొలుచుకో అన్నాను.

"వద్దమ్మా" అన్నాడు నాన్న. "పాప నోట్లో పెట్టేది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. లేచి మందుల షాపుకెళ్ళి పెద్ద సిరంజి ఒకటి తెచ్చుకున్నాడు. మొదటి ఫోర్కులో నూనె ఎంత పడిందో తెలియదు కాబట్టి, అందులోది మొత్తం వంచేసి రెండింటికీ మళ్ళీ కొలిచి పోశాడు. సాయంత్రానికి ముందు చక్రం ఎక్కించి, హ్యాండిలు పట్టుకుని బరువంతా వేసి నొక్కాడు. బండి నిదానంగా దిగి, నిదానంగా లేచింది. చప్పుడు లేదు. నన్ను పిలిచి చూపిస్తాడనుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. పిలవలేదు.

పూజనాడు పాపకు కొత్త గౌను వేసి తీసుకెళ్ళాను. ఆకాశం నిండా గాలిపటాలు. నాన్న బండికి బంతిపూల దండ వేశాడు. ఫోర్కులు అద్దంలా మెరుస్తున్నాయి. పూజయ్యాక ఒక్కో ఇంటివాళ్ళూ బిడ్డలను ఎక్కించుకుని బయల్దేరారు. నేను పాపనెత్తుకుని బండి పక్కనే నిలబడ్డాను. ఆయన అడిగితే ఇద్దామని నేను, నేనిస్తే తీసుకుందామని ఆయన. ఎదురింటి మామ బండి ఇంకా తియ్యలేదేమని అడిగితే నాన్న పెట్రోలు లేదన్నాడు. పొద్దున్నే ట్యాంకు నింపించాడని అమ్మ నాకు చెప్పింది. ఆ రోజు ఆయన పక్కింటి పిల్లలనూ అడగలేదు. దండ వాడిపోయేదాకా బండి కదల్లేదు.

అది జరిగి రెండేళ్ళు దాటింది. సీళ్ళ దగ్గర ఒక్క చుక్క జారలేదు. నెలకోసారి నాన్న ఆ బండి మీదే బ్రిడ్జి దాటి మా ఇంటికొస్తాడు. వస్తూనే బాత్రూంలోకి వెళ్తాడు. మోచేతుల దాకా సబ్బు రాసి, రెండుసార్లు కడుక్కుని వచ్చి పాపను దగ్గరకు తీస్తాడు. నేను ఇంట్లో అందరికీ చెప్పిన మాటే అది. ఆయన ఒక్కడే ఇంతగా పాటిస్తున్నాడు.

ఈ మధ్యాహ్నం నాన్న వెళ్తుంటే పాప కింద దాకా వచ్చి ట్యాంకు తట్టింది. "దాదూ, నేనూ" అంది. తాతను అలాగే పిలుస్తుంది.

నాన్న నా వైపు చూశాడు. రెండేళ్ళుగా గొంతులో ఉన్నదంతా చెప్పాలనుకున్నాను. వచ్చింది ఒక్క మాటే.

"ఎక్కించుకో నాన్నా."

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. గంట క్రితం కడుక్కున్నవే. గోళ్ళ సందుల్లో కూడా మసి లేదు.

"ఇప్పుడే తాళం తిప్పేనమ్మా. సేతులు నూనెగా ఉన్నాయి" అన్నాడు. పాపను ముట్టుకోకుండా వంగి ఏదో చెప్పి నవ్వించి, బండి తీశాడు. గేటు దగ్గరి స్పీడ్ బ్రేకరు మీద ముందు చక్రం మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. పాప చెయ్యి ఊపుతోంది. బండి మలుపు తిరిగాక చూసుకుంటే, నా పెదవులు బిగించే ఉన్నాయి.