టూర్ డైరీని నమ్మి పర్ణశాలకు

ఫిబ్రవరి రెండో ఆదివారం. ఉదయం ఐదుంబావు. స్థలం: భద్రాచలంలో మా ఇంటి వాకిలి.

హాజరైనవారు: నేను, నీటిపారుదల శాఖలో రిటైరై రెండేళ్లయిన వర్క్ ఇన్‌స్పెక్టర్ని. నా బావమరిది రాజమల్లు, కొత్తగూడెం బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. సోమయ్య, ఒకప్పుడు నా కింద గోదావరి గట్టు కాపలా చూసిన లస్కర్. నా భార్య అనసూయ, గేటు దగ్గర చేతులు కట్టుకుని. సైకిళ్లు మూడు.

పైవారిలో పరువుతో మిగిలింది అనసూయ ఒక్కతే. మిగతా ముగ్గురి పరువు ఎక్కడెక్కడ రాలిపోయిందో వరసగా చెబుతాను. నవ్వేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత తీరిక దొరకదు.

సముద్రం ఒడ్డున సైకిళ్లు తొక్కుతూ పాత కోటలు చూసే వీడియో ఒకటి రాజమల్లు నాకు పంపాడు. కింద "మనకు సముద్రం లేకపాయె బావా" అని ఏడుపు బొమ్మ పెట్టాడు. నాకు పౌరుషం వచ్చి ఫోన్ చేశాను.

"సముద్రం ఎందుకురా? గోదావరి లేదా? ఏటపాక, గుండాల వేడినీళ్లు, దుమ్ముగూడెం ఆనకట్ట, పర్ణశాల. ఒడ్డు పొంటి ముప్పై ఐదు కిలోమీటర్లు. పొద్దున పోయి అన్నం వేళకు ఇంట్లో ఉంటం."

"గీ వయసుల చాతనైతదా బావా?"

"వయసుతో ఏం పని? నా దగ్గర డైరీ ఉంది."

ఉందంటే మామూలుగా లేదు. కొలువులో చేరిన రోజు నుంచి ఒక్క తారీఖు వదలకుండా రాసిన డైరీలు ఇనుప బీరువా నిండా ఉన్నాయి. అప్పట్లో మేం రోజూ గట్టు చూసి, ఎన్నింటికి ఎక్కడున్నామో టూర్ డైరీలో రాసి పై అధికారికి పంపాలి. నేను దానికి నకలు తీసి నా డైరీలోనూ దించుకునేవాణ్ని. నాకు పాతికేళ్లప్పటి ఒక పేజీ ఇదిగో:

"ఉ. 6.00కు భద్రాచలం నుండి సైకిలుపై బయలుదేరి 7.05కు దుమ్ముగూడెం చేరితిని. గట్టు పరిశీలించితిని. గండ్లు లేవు. అలసట లేదు."

ఇట్లాంటి పేజీలు నూటికి పైగా దొరికాయి. అన్నింటిలోనూ గంటా ఐదు నిమిషాలే, ఎక్కడా అలసట లేదు. పాతికేళ్ల కుర్రాడికి అరవై ఏళ్లవాడి తరఫున పది నిమిషాలు కలిపి, టైంటేబుల్ కొట్టించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి హ్యాండిల్‌కు కట్టాను. రైళ్లవాళ్లు చూస్తే సిగ్గుపడేంత అందంగా వచ్చింది.

అనసూయకు మాత్రం అది నచ్చలేదు. నా మోకాళ్లను చూసిన డాక్టరు సైకిల్ అటక మీద పెట్టమన్నాడు. నాకేమో ఆ గేర్ల సైకిల్ అంటే ప్రాణం, రిటైరైన నెలలో కొనుక్కున్నది. అందుకే ఆమె గేటు దగ్గర నిలబడి తీర్పు చెప్పింది.

"తొక్కుకుంట పోయి తొక్కుకుంట ఇంటికొస్తే సైకిల్ మీదే, మళ్ల ఒక్క మాట అనను. ఏ బండి మీదనన్న ఎక్కించుకొస్తే మాత్రం తెల్లారే దాన్ని ఎవరికన్న ఇచ్చేస్త."

"నాకియ్యి అక్కా" అన్నాడు రాజమల్లు, బయలుదేరకముందే.

సోమయ్య టైంటేబుల్‌ను కాసేపు చూసి, నా మొహం చూసి, తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. అది భక్తి అనుకున్నాను.

ఏటపాక దాకా రాజులా వెళ్లాను. అక్కడ ఆంధ్రలో అడుగు పెడతాం, కొంత దూరం పోయాక మళ్లీ తెలంగాణలోకి వస్తాం. రెండు రాష్ట్రాలు తిరిగానని రాజమల్లు ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు. గుండాల దగ్గర ఇసుక తోడి, ఊరిన వేడినీళ్లలో వేళ్లు ముంచాం. అప్పటికి టైంటేబుల్ ప్రకారం మేం ఆనకట్ట మీద ఇడ్లీ తింటూ ఉండాలి.

"బావా, మనం ఆలస్యమా, టైంటేబుల్ తొందరనా?"

"చలికి కండరాలు పట్టుకుంటయి. ఇగ చూడు స్పీడు."

ఇగ చూసింది స్పీడు కాదు. ఎదురుగాలి మొదలైంది. నా మోకాళ్లు పాత తలుపు బందుల్లా కిర్రుమన్నాయి. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడిచిపోతున్న ఒక ముసలమ్మ మమ్మల్ని దాటేసింది. దాటేయడమే కాదు, ఆగి, "నీళ్లు తాగుతరా అయ్యా?" అని అడిగింది. ఆ జాలి ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

దుమ్ముగూడెం ఆనకట్ట చేరేసరికి ఎనిమిదీ నలభై. ఇంగ్లీషువాళ్ల కాలం నాటి రాతి లాకుల పక్కన నేనూ ఒక శిథిలంలా కూలబడి, జేబులోంచి ఆ డైరీ పేజీ నకలు బయటికి తీశాను.

"నాడు గంటా ఐదు నిమిషాలు, నేడు మూడు గంటల పైనే! మంచి తారు రోడ్డు వేసినంక ఇట్లెట్ల అయితది? దూరం గిట్ల పెరిగిందా?"

రాజమల్లు అన్నాడు, "అవ్, గోదారి సాగింది."

సోమయ్య గొంతు సవరించుకున్నాడు. "సార్, ఒక ముచ్చట చెప్త. కోపం చేయద్దు."

"చెప్పు."

"నాడు మన సైకిళ్లు బస్సు మీదుండేవి సార్."

"ఏంది?"

"చర్ల బస్సు. ఆరింటికి ఎక్కితే ఏడూ ఐదుకు దించేది. నేనే టాప్ మీదికెక్కి సైకిళ్లకు తాడు కట్టేటోన్ని. మీరు కిటికీ పక్క సీట్ల కూసొని నిద్రపోయేటోళ్లు."

పొలం గట్టు తెగి నీళ్లు వచ్చినట్టు నాకు జ్ఞాపకం వచ్చింది. కిటికీ ఊచలు, డీజిల్ వాసన, భుజం తట్టి లేపే సోమయ్య చెయ్యి. పై అధికారి సైకిల్ మీదనే పోవాలన్నాడని నేను రాసిన అబద్ధం. ఏటేటా ఇంటిల్లిపాదికీ చదివి వినిపించి, చివరికి అందరికంటే గట్టిగా నమ్మింది నేనే. అలసట లేదని రాశాను కదా, అది మాత్రం నిజమే!

రాజమల్లు లాకు గోడ పట్టుకుని నవ్వాడు. పట్టు తప్పి కూర్చుని నవ్వాడు. పడుకుని కూడా నవ్వాడు.

"నెల రోజుల నుంచి ప్లాన్ చేస్తున్న గద, అప్పుడే చెప్పొద్దా సోమయ్యా?" అన్నాను నేను.

"ఎవరడిగినా సైకిల్ మీదనే వచ్చినమని చెప్పాలె అన్నరు సార్. ఇగ అట్ల చెప్పుడు ఆపమని మీరు ఎన్నడు అన్లే."

వెనక్కి తిరగాల్సింది అక్కడే. కానీ నా సైకిల్ పందెంలో ఉంది. పర్ణశాల దాకా లాగాను. దర్శనమైంది, పులిహోర అయింది, తిరుగు ప్రయాణమైంది. ఎండ పడమటికి వాలింది. దుమ్ముగూడెం దాటి కొంత దూరం రాగానే నా కుడి పిక్క కొయ్యలా బిగిసింది, ఎడమది దానికి తోడు పోయింది. రోడ్డు పక్కన చతికిలబడ్డాను.

మిర్చి మూటల ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. "ఎక్కండి పెద్దాయనా, భద్రాచలం దాకనే."

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సైకిళ్లు మూటల మీదికెత్తాం. ఎక్కాం. మా ఇంటికి అర కిలోమీటరు ఇవతలే దిగి, బాటిల్ నీళ్లు మొహాల మీద చెమటలా చల్లుకుని, పళ్లు బిగబట్టి గేటు దాకా తొక్కాం.

"తొక్కుకుంటనే వచ్చిన్రా?" గోడ గడియారం చూసి అడిగింది అనసూయ.

"అవ్" అన్నాను.

"తొక్కుకుంటనే అక్కా" అన్నాడు రాజమల్లు. సోమయ్య గేటుకు నమస్కారం పెట్టాడు.

ఆమె మజ్జిగ ఇచ్చింది. నేను పదకొండుసార్లు తుమ్మాను. గాలి మార్పు అన్నాను. డైరీ తీసి, "సైకిలుపై సా. 4.15కు ఇల్లు చేరితిని" అని రాసుకుని ధీమాగా పడుకున్నాను.

మర్నాడు ఉదయం ఏడింటికి పెరట్లోంచి కేక. వెళ్లేసరికి బట్టలు ఉతుకుతున్న అనసూయ రెండు చేతులూ చల్లటి మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చుంది. ఎదురుగా బకెట్లో నా ప్యాంటు. నీళ్లు ఎర్రగా, వెనక భాగం మరింత ఎర్రగా.

"సైకిల్ సీటుకు మిర్చి ఎప్పటి నుంచి కాస్తుంది?"

నేను తుమ్మాను.

రాత్రి మా ఇంట్లోనే పడుకున్న రాజమల్లు పరుగెత్తుకొచ్చాడు. "అయితే సైకిల్ నాదే గద అక్కా?"

"నీ ప్యాంటు కూడ ఇదే బకెట్ల ఉంది తమ్మీ."

గంటలో సైకిల్ పక్క వీధిలో బడికి నడిచిపోయే ఆరో తరగతి అమ్మాయికి వెళ్లిపోయింది. ఆ పిల్ల మొదటి గేరు ఏదో కూడా అడగకుండా తొక్కుకుంటూ పోయింది. అనసూయ డైరీ నా ముందు పెట్టి రాయమంది. రాశాను:

"మిర్చి మూటలపై ఇల్లు చేరితిని. ఇకమీదట చక్రం తిరగని చోట తిరిగెనని రాయను. నేను రాసినదైనా సరే, అనసూయ సంతకం లేనిదే నమ్మను. గోదావరి సాక్షిగా ఇది నా ప్రతిజ్ఞ. సా. 4.15."

ఆమె చదివింది. 4.15 కొట్టేసి 5.10 అని దిద్ది, కింద సంతకం పెట్టింది.